బరువులు ఎత్తొద్దంటే ఎలా సార్

నడుం నొప్పి అని వెళ్తే మా హమాలీల ముఠాలో ఎవరికైనా డాక్టరు చెప్పే మొదటి మాట ఇదే, బరువులు ఎత్తొద్దు. సరే సార్ అని తలూపి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికొస్తాం. మర్నాడు రేక్, అంటే సరుకు రైలు, వచ్చిందని మేస్త్రి ఫోన్ చేస్తే మళ్ళీ గూడ్స్ షెడ్డుకే. ఇంకేం చేస్తాం, మా పనే అది. బరువులు మానేయగలిగిన వాళ్ళకి యూట్యూబులో బోలెడు వీడియోలున్నాయి, ఇది మానేయలేని వాళ్ళ కోసం.

నేను పశ్చిమ గోదావరి వైపు హమాలీని. ఎరువులు, సిమెంటు, అప్పుడప్పుడు బియ్యం. నడుం పోయేది బస్తా బరువు వల్లే అని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో అసలు పాడుచేసేవి రెండు, బస్తాని ఎంత కింద నుంచి లేపుతున్నాం, ఎంత హడావుడిగా లేపుతున్నాం అన్నవి. 50 కేజీల సిమెంటు బస్తా ఇద్దరు పట్టి వీపు మీద పెడితే మనిషి బల్ల మీదుగా లారీలోకి నడిచి వెళ్ళిపోతాడు, కష్టమే గానీ ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. అదే బస్తా వ్యాగన్లో అడుగు వరసలో ఉంటే దాన్ని పాదాల దగ్గర నుంచి వంగి, లాగి, లేపి, పక్కకి తిరిగి వేరేవాడి వీపు మీద పెట్టాలి. మోసేవాళ్ళకి మెడ, మోకాళ్ళు పోతాయి. నడుం మాత్రం ఎత్తిపెట్టేవాళ్ళకే ముందు పోతుంది.

ఇది ఏతం లెక్క. బస్తా పొట్టకి ఆనుకుని ఉంటే ఒక బరువు, అదే బస్తా చేతులు చాపి మూరెడు దూరంలో పట్టుకుంటే నడుం మీద పడే భారం దానికి కొన్ని రెట్లు. అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే సర్కారీ సంస్థ ఉంది. బస్తా దగ్గరగా ఉండి, మంచి ఎత్తులో ఉండి, తిరగాల్సిన పని లేకపోయినా సరే ఒక మనిషి ఎత్తదగ్గది 23 కేజీలే అని వాళ్ళ లెక్క. నేల మీద నుంచి ఎత్తితే, పక్కకి మెలి తిరిగితే, ఎక్కువసేపు చేస్తే అది ఇంకా తగ్గుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అయితే 1967లో మగవాళ్ళకి 55 కేజీలు దాటొద్దని సిఫారసు చేసింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత చాలా ఏళ్ళూ మా నాన్న వాళ్ళు మోసింది 75 కేజీల ధాన్యం బస్తాలు. ఇప్పటికీ మా వైపు ధాన్యం ధర ఆ బస్తా లెక్కనే చెబుతారు. యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కేజీలకి తగ్గినప్పుడు మావాళ్ళు సంబరపడ్డారు. మా నడుముల కోసం కాదులెండి, రైతులు యూరియా తక్కువ వాడాలని తగ్గించారు. ఏదైతేనేం, 5 కేజీలు 5 కేజీలే.

మేం చేసుకున్న మార్పుల్లో నిజంగా పనిచేసింది చెప్తాను. కింది రెండు వరసలు మిగిలినప్పుడు బస్తాని నేల మీద నుంచి ఒకేసారి వీపు దాకా ఎత్తం. ముందు పక్కనున్న బస్తాల మీదకి దొర్లిస్తాం, మోకాలి ఎత్తుకొస్తుంది, అక్కడ నుంచి ఇద్దరం లేపుతాం. వంగేటప్పుడు నడుం గుండ్రంగా వంచకుండా పిరుదులు వెనక్కి పెట్టి తుంటి దగ్గర వంగాలి. తిరగాలంటే పాదాలు తిప్పాలి, పాదాలు అక్కడే పాతేసి నడుం ఒక్కటే మెలి తిప్పితే అక్కడే చురుక్కుమంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తేవాళ్ళూ మోసేవాళ్ళూ వ్యాగన్ వ్యాగన్‌కీ మారడం. చెప్పినంత తేలిక కాదు ఇది. బస్తాకింత అని కూలీ, గడువులోగా వ్యాగన్లు ఖాళీ చేయకపోతే డెమరేజ్ అని రైల్వేకి జరిమానా పడుతుందని సరుకు తెప్పించుకున్న పార్టీ వాడి టెన్షన్, ఆ టెన్షన్ వచ్చి మేస్త్రి నెత్తిన, మేస్త్రి నుంచి మా నడుం మీద. మారుతూ చేస్తే మొదట్లో కాస్త ఆలస్యమైంది, తిట్లు తిన్నాం. ఆఖరి వ్యాగన్ దగ్గర మాత్రం పాత పద్ధతి కంటే జోరుగానే సాగింది, ఎందుకంటే అప్పటికి ఎవడూ కుదేలైపోలేదు.

రాత్రి రేకుల సంగతి వేరే చెప్పాలి. రెండింటికి ఫోనొస్తుంది, నిద్రలోంచి లేచి బండెక్కి వెళ్ళి నేరుగా వంగుతాం. పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేవగానే వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. పొద్దున లేచాక మొదటి గంటా రెండు గంటలు వంగకుండా ఉంటే నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మనకి అంత టైమెవడిస్తాడు? అందుకని నిద్ర కళ్ళతో వచ్చినవాడిని ముందు మోతకి పెడతాం, ఎత్తడానికి కాదు. షెడ్డు దాకా నడిచి వచ్చేవాళ్ళకి ఈ బాధ తక్కువ, గమనించండి.

ఇక సూదుల గురించి. సాయంత్రం ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది, పొద్దున్నే మళ్ళీ బస్తా. నొప్పి తెలియదు కాబట్టి అదే చోట మళ్ళీ దెబ్బ తగులుతుంది. దానికి తోడు ఎండాకాలం వ్యాగన్ లోపల పొయ్యిలా ఉంటుంది, ఒంట్లో నీళ్ళుండవు, ఆ స్థితిలో డైక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి, ఖాళీ కడుపుతో అయితే అల్సరు కూడా. ఆ డైక్లోఫెనాక్‌నే పశువులకి ఇవ్వడం మన దేశంలో 2006లో ఆపేశారు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని. మనుషులకి అది మందే, కాదనను, డాక్టరు రాస్తే నాలుగు రోజులు వాడతాం. దానిమీద క్వార్టరు కూడా పోసి వారాల తరబడి లాగించేవాళ్ళ గురించే నా బాధ.

బెల్టు పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది, నడుం దెబ్బ తినకుండా కాపాడుతుందని మాత్రం రుజువు లేదు. వావిలాకు వేసి కాచిన నీళ్ళు, ఉప్పు మూట కాపడం, ఇవి హాయిగానే ఉంటాయి, ఆ రాత్రి నిద్ర పడుతుంది, అది చాలు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే పట్టు పోతుందని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. మా ముఠాలో అలాంటివాడు ఒకడున్నాడు, పాపం వాడి నడుం పట్టేస్తే తన్నేవాడు దొరకలేదు.

పట్టేసిందని వారం రోజులు మంచం ఎక్కితే ఇంకా బిగుసుకుంటుంది. ఒకటి రెండు రోజులు పోయాక మెల్లగా నడవాలి. చాలామందికి కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. ఎంఆర్ఐలో డిస్కు అరిగిందని రాగానే బతుకు అయిపోయిందని కూలబడకండి. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్లు అన్నీ కలిపి చూసి 2015లో లెక్క తేల్చారు, 50 ఏళ్ళ వయసువాళ్ళలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. కానీ మలమూత్రాలు మీ అదుపులో లేకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, కాలు పట్టు తప్పుతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. అక్కడ వావిలాకు పనిచేయదు. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, ఒళ్ళు తగ్గిపోతున్నా ఆగకుండా చూపించుకోండి.

అసలు చిక్కు ఆ కొన్ని వారాలు ఎలా గడపాలన్నది. మహారాష్ట్రలో హమాలీలకి 1969 నుంచి మాథాడీ చట్టం ఉంది, కేరళలో 1978 నుంచి వాళ్ళ చట్టం ఉంది, వాటి కింద సంక్షేమ బోర్డులున్నాయి. ఇక్కడా అలాంటి బోర్డు పెట్టమని యూనియన్లు ఎప్పటినుంచో అడుగుతున్నాయి. అది వచ్చేదాకా తిండి ఎవరు పెడతారు? మేమైతే నడుం పట్టేసినవాడిని ఇంటికి పంపకుండా టాలీ (బస్తాల లెక్క) రాయడానికో, చిరిగిన బస్తాలు కుట్టడానికో, ఒలికింది ఊడవడానికో పెడుతున్నాం. వాటా పూర్తిగా ఇవ్వాలా సగమా అని ప్రతిసారీ గొడవే. కుర్రాళ్ళు సగం అంటారు, నలభై దాటినవాళ్ళం పూర్తిగా అంటాం, ఎందుకంటారో తెలుసుగా. ప్రస్తుతానికి ముప్పావు దగ్గర ఆగింది. కాకినాడ పోర్టులో, గుంటూరు మిర్చి యార్డులో ఇలాంటి ఏర్పాటు ఏదైనా ఉంటే చెప్పండి, వచ్చే మీటింగులో చూపించడానికి నాకు పనికొస్తుంది.