అరుణగిరి చుట్టూ విన్న మాటలు

పౌర్ణమి సాయంత్రం తిరువణ్ణామలైలో అరుణాచలేశ్వరాలయ రాజగోపురం ఎదుట కర్పూరం వెలిగించి గిరిప్రదక్షిణ మొదలుపెట్టేసరికి, మా చుట్టూ తమిళం ఎంత వినిపిస్తోందో తెలుగూ అంతే వినిపిస్తోంది. ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో వచ్చిన తెలంగాణ కుటుంబాలు, తిరుపతి మీదుగా వచ్చిన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు, చంటిపిల్లల్ని భుజాన వేసుకున్న దంపతులు అందరూ ఆ జనప్రవాహంలో ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో మొదలైన 217 అడుగుల గోపురం నీడలో మన భాష వినబడడం వింత కాదు గానీ, ఇంతమంది మనవాళ్లు ఒక్క రాత్రిలో 14 కిలోమీటర్లు వట్టి కాళ్లతో నడవడానికి రావడం మాత్రం ఇటీవలి సంవత్సరాల్లోనే బాగా పెరిగింది. మా తోడల్లుడు, ఆయన స్నేహితుడు ఒకాయన, నేను కలిసి వెళ్లాం. ఆ రాత్రి దారిపొడుగునా విన్న మాటలు ఆధ్యాత్మిక మార్గంలో మనిషి తనను తాను ఎంత సులువుగా మభ్యపెట్టుకోగలడో నాకు చూపించాయి.

మొదట విన్నది ‘పిలుపు’ గురించి. ‘అరుణాచలం పిలిస్తే తప్ప ఎవరూ రాలేరండీ’ అని మా ముందు నడుస్తున్న ఒకాయన పక్కవారికి చెబుతున్నారు. భక్తితో అన్నప్పుడు అది అందమైన మాటే. కానీ ఆయన ఆ మాటతో ఆగలేదు. తన బావమరిది మూడేళ్లుగా రావాలనుకుంటూ రాలేకపోతున్నాడనీ, అతనికింకా యోగం పట్టలేదనీ, తనకు మాత్రం అడగకుండానే సెలవు దొరికిందనీ చెప్పుకుపోయారు. సెలవు దొరకనివారిని, మంచాన పడ్డవారిని, బస్సు ఛార్జీలకు వెనకాడేవారిని ఈ కొండ పిలవలేదని ఎవరు నిర్ణయించారు? చిదంబరంలో దర్శనం, తిరువారూరులో జననం, కాశీలో మరణం ముక్తినిస్తే, అరుణాచలానికి తలుచుకోవడమే చాలని పెద్దలు శ్లోకం చెప్పుకున్నారు. ఇంట్లో కూర్చుని తలుచుకున్నవాడికి కూడా పూర్తి హక్కు ఇచ్చిన క్షేత్రానికి వచ్చి, రానివాడిని తక్కువ చేయడం నాకు చాలా బాధనిపించింది.

ఈ దారిలో నిండు గర్భిణి అయిన మహారాణిలా నెమ్మదిగా నడవాలని సంప్రదాయం. కొండవైపు సిద్ధపురుషులు నడుస్తారని, మనం రోడ్డుకు ఎడమ పక్కగా సాగాలని కూడా చెబుతారు. చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ, ఎన్ని గంటల్లో ముగిస్తామో పందెం వేసుకుంటూ కుర్రవాళ్లు మమ్మల్ని దాటిపోయారు. వారి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. వాళ్లు తమను తాము జ్ఞానులమనుకోవడం లేదు.

దారి పొడుగునా వచ్చే ఎనిమిది లింగాల్లో ఒకటైన అగ్నిలింగం దాటి, శేషాద్రిస్వామి సమాధి పక్కనుంచి రమణ మహర్షి ఆశ్రమం చేరాం. మాతృభూతేశ్వరాలయం దగ్గర కాసేపు కూర్చున్నప్పుడు నాకు కావ్యకంఠ గణపతిముని గుర్తుకొచ్చారు. మన బొబ్బిలి ప్రాంతపు కలువరాయిలో పుట్టి, నవద్వీపంలో పండితుల ఎదుట ఆశుకవిత్వం చెప్పి ‘కావ్యకంఠ’ బిరుదు పొంది, ఏళ్ల తరబడి మంత్రజపం చేసిన మనిషి ఆయన. అంతటివారు 1907 నవంబరు 18న విరూపాక్ష గుహకు ఎక్కి, తనకన్నా ఏడాది చిన్నవాడైన రమణుల పాదాలు పట్టుకుని, ఇంత చేసినా తపస్సంటే ఏమిటో నాకు తెలియలేదు, చెప్పమని వేడుకున్నారు. ‘నేను’ అనే తలపు ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనస్సు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నది ఆయనకు దొరికిన సమాధానపు సారం. సమాధానం కన్నా ఆ ప్రశ్న నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఇన్ని లక్షల జపం చేశాను కనుక నాకు తెలిసే ఉంటుంది అని ఆయన అనుకోలేదు. ఈ రోజు నాలుగు ప్రవచనాలు విని, ఒక ధ్యాన శిబిరానికి వెళ్లి వచ్చినవారు ఎదుటివారి స్థితి ఎంతో, తమ స్థితి ఎంతో చెప్పేస్తున్నారు.

ఆది అణ్ణామలై గుడి దగ్గర మెట్ల మీద కూర్చున్నప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ మనసులో మెదులుతుంది. మా పక్కన అరవై దాటిన ఒక అమ్మ, వాచిన పాదాలకు కొబ్బరినూనె రాసుకుంటూ, పెద్దకొడుకు పోయిన సంగతి మా తోడల్లుడితో చెబుతోంది. మధ్యలో, ఎదురుగా రుద్రాక్షమాలతో కూర్చున్న ఒక యువకుడు కలగజేసుకుని, ఎంతో మృదువుగా, ‘అమ్మా, ఈ దుఃఖం ఎవరికి కలుగుతోందో విచారించండి’ అన్నాడు.

ఆమె నూనె రాయడం ఆపి అతని వంక చూసింది. ‘నాకే నాయనా. ఇంకెవరికి?’ అంది.

అతను చిరునవ్వు నవ్వి కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రశ్న సామాన్యమైనది కాదు. ఒక మనిషి తన లోపలికి తాను వేసుకుంటే జీవితాంతం చాలే సాధన అది. మరొకరి కన్నీళ్ల ముందు దాన్ని పెట్టినప్పుడు మాత్రం, ఆ కన్నీళ్లను వినే బాధ్యత నుంచి తప్పుకునే ఉపాయమైపోతుంది. అలా తప్పుకున్నవాడికి తాను తప్పుకున్నట్టు కూడా తెలియదు, ఎందుకంటే లోపల కలిగిన ఆ చల్లదనాన్ని అతను శాంతి అనుకుంటాడు.

ఆ ప్రశ్న నేర్పిన రమణులు ఏం చేశారో అదే ఊళ్లో అందరికీ తెలుసు. భర్తనూ పిల్లలనూ పోగొట్టుకుని వచ్చిన ఎచ్చమ్మాళ్ ఆయన ఎదుట మౌనంగా నిలబడి ఊరట పొందింది, జీవితాంతం ఆయనకు అన్నం వండి తెచ్చింది. తరువాత ఆమె పెంపుడు కూతురు చెల్లమ్మ కూడా చనిపోయి, పసిబిడ్డ మిగిలినప్పుడు, ఆ బిడ్డను ఆమె రమణుల చేతుల్లో పెడితే ఆయన కళ్లు చెమర్చాయి. ఆ దుఃఖం ఎవరికని ఆయన ఆమెను అడగలేదు.

వాయులింగం దాటి కుబేరలింగం దగ్గరకు వచ్చేసరికి వరుస రోడ్డు మీదికి వచ్చింది. అప్పులు తీరాలి, కొడుక్కి వీసా రావాలి, పొలం అమ్ముడుపోవాలి అని పైకే మొక్కుకుంటున్నారు. వీళ్లది వ్యాపార భక్తి అని మా తోడల్లుడి స్నేహితుడు చిన్నబుచ్చారు. నేను అలా అనుకోను. తనకు ఏం కావాలో దేవుడి ముందు దాచకుండా చెప్పేవాడికి తన కోరిక కోరికగానే కనిపిస్తోంది. కోరికలు లేవనుకుని వచ్చి, ప్రశాంతతను, ప్రత్యేకతను, తోటివారి గౌరవాన్ని కోరుకునేవాడికి ఆ సౌకర్యం కూడా లేదు.

ఈశాన్యలింగం దాటి మళ్లీ గుడి చేరేసరికి తెల్లవారింది. తిరుగు బస్సులో ఆ స్నేహితుడే నా పక్కన కూర్చున్నారు. ఉద్యోగ విరమణ తీసుకుని, ఆశ్రమానికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకుని స్థిరపడాలని ఆయన నిశ్చయం. మంచానికే పరిమితమైన తల్లిని తమ్ముడు చూసుకుంటాడట. బంధాలు తెంచుకోకపోతే ఈ జన్మ కూడా వృథా అవుతుందనీ, రమణులు కూడా పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలే కదా వచ్చారనీ అన్నారు.

వదిలి వచ్చిన మాట నిజం. 1896లో చీటీ రాసిపెట్టి వచ్చేశారు; 1898లో తల్లి అళగమ్మ వచ్చి ఏడ్చి బతిమాలినా వెళ్లలేదు. కానీ కథ అక్కడ ముగియలేదు. 1916లో ఆమె ఆయన దగ్గరే ఉండిపోవడానికి వచ్చింది, ఆశ్రమవాసులకు వండిపెట్టింది. 1922 మే 19న ఆమె చనిపోయిన రోజు ఆయన పక్కనే కూర్చుని, ఒక చేయి గుండె మీద, ఒక చేయి తల మీద ఉంచి చివరి శ్వాస దాకా కదలలేదు. మేము కూర్చున్న మాతృభూతేశ్వరాలయం ఆ తల్లి సమాధి మీద లేచిందే. ఇల్లు వదిలిన ఘట్టాన్ని తీసుకుని, తల్లి పక్కన కూర్చున్న ఘట్టాన్ని వదిలేస్తే మనం అనుసరిస్తున్నది రమణుల్ని కాదు, మనకు అనువైన ఒక పేజీని అని ఆయనతో అన్నాను.

‘ఆయన జ్ఞాని అండీ. ఆయనకు ఏ కర్మా అంటదు, మనకు అంటుకుంటుంది’ అన్నారు ఆయన.

జ్ఞాని చేయనక్కరలేకపోయినా చేసిన పనిని, చేయవలసిన మనం ఏ లెక్కన మానుకోవచ్చని అడిగాను. సేవ కూడా ఒక బంధమేనని ఆయన, మంచాన ఉన్న తల్లికి వేళకు మందు వేయడంలో ‘నేను’ ఎక్కడ లేస్తుందో చూడడానికి గుహలో కన్నా ఎక్కువ అవకాశం ఉంటుందని నేను. వేలూరు దాటాక కూడా ఆ మాటలు తెగలేదు. ఆయన ఒప్పుకోలేదు, నేనూ నా మాట వెనక్కి తీసుకోలేదు.