కలివి కోడి నవలలోకి మేకలు వచ్చాయి

కడపలో కూర్చుని నవల రాస్తున్నానంటే చాలు, "ఫ్యాక్షన్ ఉందా?" అని అడుగుతారు. లేదు, పిట్ట ఉంది అంటే మాట మార్చేస్తారు.

ఆ పిట్ట కలివి కోడి. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే డాక్టరు దాన్ని మొదట గుర్తించాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పక్కన మళ్ళీ దొరికింది. దాని కోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు. పగలంతా పొదల్లో దాక్కుంటుంది, రాత్రే తిరుగుతుంది, చీకటి పడ్డాక కొద్దిసేపు మాత్రం కూస్తుంది. నేను దాన్ని చూడలేదు. చూసినవాళ్ళే బహు తక్కువ.

మొదట అనుకున్న కథ తేలికైనది. పాపం పిట్ట, దాన్ని కాపాడే ఫారెస్ట్ గార్డు, మేకలు తోలి అడవిని నాశనం చేసే ఊరివాళ్ళు. మొదటి అధ్యాయాలు గబగబా వచ్చేశాయి. అంత గబగబా వస్తే నాకెప్పుడూ అనుమానమే.

వివరాల కోసం యర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి పోయి పాత పుస్తకాలు తిరగేశాను, పక్షుల మీద పనిచేసినవాళ్ళ వ్యాసాలు చదివాను. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు. రెండు మీటర్లకు పైన పెరిగిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, మధ్యమధ్య ఉత్త నేల కనబడే చోటే దానికి నచ్చుతుంది. ఆ ఉత్త నేల మిగలడానికి మేకలూ, కట్టెలు కొట్టేవాళ్ళూ కూడా ఒక కారణం. మేత మరీ ఎక్కువైతే పొదలే ఉండవు, అసలు లేకపోతే కంప మూసుకుపోతుంది.

పెన్న ఒడ్డున మేకలు కాసే ఒక పెద్దాయనను ఇదే అడిగితే, వ్యాసాలతో పనిలేకుండా చెప్పేశాడు. "మేకలు తిరగకుంటే ఈ కంపలో మనిషే దూరలేడు సార్. ఇంగ కోడి యాడ పరిగెత్తల్ల?" మాట్లాడుతూనే దోటితో తుమ్మ మండ లాగి కోశాడు. అన్నీ కోయలేదు. చివర చిగురున్న కొమ్మ వదిలేసి పక్క చెట్టుకు పోయాడు. "అది మళ్లా వారానికి" అన్నాడు.

ఆ వదిలేసిన కొమ్మతో నా విలన్ పోయాడు. విలన్ లేని నవల ఎట్లా నడపాలో తెలియక చాన్నాళ్ళు టెన్షన్ పడ్డాను. చివరికి గార్డునూ, మేకల కాపరినీ ఇద్దరినీ న్యాయం ఉన్నవాళ్ళుగానే ఉంచాను. ఎన్ని మేకలు, ఏ వైపు, ఏ నెలలో అన్నదే వాళ్ళ తగాదా. అంత చిన్న తగాదా మీద నవల నిలబడుతుందా అని స్నేహితులు నవ్వారు. మా జిల్లాలో గట్టు తగాదాలు తరాల పాటు నడుస్తాయి, ఇది నడవదా?

ప్రకృతి వర్ణనల సంగతీ అప్పుడే తేలింది. సాయంత్రపు ఎండ, రేగు పొదల నీడలు, దూరంగా లంకమల కొండలు, ఇవన్నీ బాగానే రాశాను కానీ, అవి చూస్తున్నది నేను, నా పాత్రలు కాదు. కాపరికి రేగు పొద అంటే రెండు రోజుల మేత. గార్డు చూసేది నరికిన మోడు తడిగా ఉందా, ఎండిందా అని. పొలానికి తెలుగుగంగ నీళ్ళు రావాలని ఎదురుచూసే రైతుకు అదే పొద కాలువకు అడ్డం. కాలువ ఈ పిట్ట ఉండే చోటు మీదుగా పోతుందని పెద్ద గొడవై, చివరికి దాని దారి మార్చారు కూడా. ఇక ఏ వాక్యం ఎవరి కళ్ళదో తేలకపోతే కొట్టేశాను. నాకు ఇష్టమైన పేజీలు చాలా పోయాయి.

పిట్టను వెతికే పద్ధతి మాత్రం చేసి చూడాల్సి వచ్చింది. పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టి పట్టీలు పరిచి, తెల్లారి అడుగుజాడలు చూసేవారు. అభయారణ్యంలో మనం అలా చేయకూడదు కాబట్టి, మట్టి జల్లించి మా పెరట్లోనే పరిచాను. పొద్దున చూస్తే పిల్లి అడుగులు, చీమల దారి, దాని మీద ఏదో పురుగు ఈడ్చుకుపోయిన గీత. పక్కింటి కోడి నడిచిన చోట వెనక వేలి గుర్తు స్పష్టంగా పడింది. కలివి కోడికి వెనక వేలు ఉండదు, ముందుకు మూడే. వంగి వంగి చూసి నడుము పట్టేసింది. నవలలో గార్డు నడుము నొప్పి అక్కడ్నుంచి వచ్చిందే.

ప్రూఫులు, డీటీపీ, అచ్చు మామూలుగా జరిగిపోయాయి. ముఖచిత్రం దగ్గరే పేచీ వచ్చింది. 1988లో ఈ పిట్ట మీద తపాలా బిళ్ళ వచ్చింది, అలాంటి బొమ్మే వేద్దామని ప్రచురణకర్త పట్టుబట్టాడు. నవలలో ఎవరూ చూడని పిట్టను అట్ట మీద ఎలా చూపిస్తాం? మేకను వేయించాను. అమ్మకాలు తగ్గితే నాదే బాధ్యతని ఆయన ఇప్పటికీ గొణుగుతుంటాడు.