ఫ్లెమింగోలకు ఎంత గులాబీ చాలు?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకుంటూ పోతుంది. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిల్కా తర్వాత పెద్దది ఇదే. చలికాలంలో ఫ్లెమింగోలు గుంపులుగా దిగే చోటు కావడంతో, జనవరిలో ఒక తెల్లవారుజామున మిత్రుడితో కలిసి కెమెరా పట్టుకుని అక్కడికి చేరాను.

బొమ్మల్లో చూసి పెంచుకున్న ఊహ ఇక్కడ పనికిరాదు. నిలబడి ఉన్న ఫ్లెమింగో దాదాపు తెల్లగానే ఉంటుంది. పిల్లలైతే బూడిద రంగే. తలను తలకిందులుగా నీటిలో ముంచి అవి వడగట్టుకు తినే నాచు, చిన్న రొయ్యజాతి జీవుల్లోని వర్ణకాల వల్లే గులాబీ రంగు వస్తుంది. అసలు రంగంతా రెక్కల మడతల్లో దాగి ఉంటుంది. ఎగరాలంటే నీటి మీద కొన్ని అడుగులు పరుగెత్తాలి. అప్పుడు విప్పుకుంటాయి ఆ ఎరుపూ నలుపూ! పరుగు గాలికి ఎదురుగా సాగుతుంది కనుక గాలి వాటం చూసుకుని, షట్టరును 1/1000 సెకనుకు పెట్టి కాచుకున్నాను. చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓపిక లేనివారికి ఈ సరదా ఎందుకు?

మెరిసే నీళ్లు, తెల్లటి పక్షులు ఉన్నచోట వెలుగును కొలిచే కెమెరా మీటరు పొరబడుతుంది. వెలుగు ఎక్కువైందనుకుని అన్నింటినీ మసక బూడిదగా మార్చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుగును, కొద్దిగా పెంచితే తెలుపు తెలుపుగా నిలుస్తుంది. మరీ పెంచితే ఈకల గీతలు మాయమవుతాయి, వాటిని ఏ ఎడిటింగూ తిరిగి తేలేదు.

ఎండ ముదిరాక నీటి మీది వేడిగాలి కదలాడి దూరపు పక్షులన్నీ అలికినట్టు కనిపించసాగాయి. అలాంటి ఫొటోకు షార్ప్‌నెస్ పెంచితే ఆ అలుకుడే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రానికి మళ్లాం. అక్కడ చెరువులో మునిగిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. నల్లటి కొమ్మలు, తెల్లటి ఒళ్లు. తర్వాత ఎడిటింగ్‌లో హైలైట్స్ (మెరిసే భాగాలు) తగ్గించి, షాడోస్ (నీడ భాగాలు) కాస్త లేపితే కొమ్మల చాటు పిల్ల కూడా బయటపడింది.

రాత్రి కంప్యూటర్ ముందు మొదట సరిచేసింది నీటిగీతనే. సరస్సు ఫొటోలో అది రవ్వంత వంగినా నీళ్లు ఒలికిపోతున్నట్టే ఉంటుంది. తర్వాత క్రాప్ చేస్తూ, ఎగిరే పక్షికి ముందువైపు ఖాళీ వదిలాను. ఉదయపు పసుపు ఛాయను, వెలుగు రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌తో పూర్తిగా తుడిచేయకుండా సగం ఉంచాను.

"ఇంకొంచెం గులాబీ వేయరాదూ?" అన్నాడు మిత్రుడు. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచి చూపించాను: ఆకాశం ఊదాగా మారింది, పక్షులు ప్లాస్టిక్ బొమ్మలయ్యాయి. వెనక్కి తెచ్చి, నలుపును మాత్రం ఒక పిసరు చిక్కబరిచాను. పక్కన నలుపు నిండుగా ఉండేసరికి రెక్కల ఎరుపు దానంతటదే పైకొచ్చింది.

అతను ఒప్పుకోలేదు. అదే ఫొటోకు తన ఫోనులో రంగు దట్టించి వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. అందులో బూడిద రంగు పిల్లలు కూడా గులాబీగానే ఉన్నాయి.