కార్బన్ లెక్కల్లో ముందు మొత్తం చూడండి

యాన్యువల్ రిపోర్ట్ రాగానే డివిడెండ్ ఎంతో చూసి పక్కన పడేసేవాళ్లమే చాలామందిమి. ఈసారి కాస్త ఓపిక చేసుకుని అందులో బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద కంపెనీ ఇచ్చే నివేదిక) అనే భాగం తీయండి. మార్కెట్ విలువలో పైనున్న 1000 లిస్టెడ్ కంపెనీలు ఎంత కరెంటు వాడాయో, ఎన్ని నీళ్లు తోడాయో, ఎంత కార్బన్ వదిలాయో 2022-23 నుంచి అందులో చెప్పి తీరాలి. స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూల్ అది, మంచి రూలే.

కిటుకంతా 'ఇంటెన్సిటీ' దగ్గరుంది. అంటే మొత్తం ఉద్గారాలను (వదిలిన కార్బన్‌ను) టర్నోవర్‌తో భాగించడం. ఓ కంపెనీ నిరుడు 100 టన్నులు వదిలి 100 కోట్ల సరుకు అమ్మిందనుకోండి. ఈ ఏడు రేట్లు పెంచి 130 కోట్లు చేసింది, ఉద్గారాలేమో 110 టన్నులయ్యాయి. ఇంటెన్సిటీ 1 నుంచి 0.85కి దిగింది కాబట్టి రంగుల పేజీ మీద '15 శాతం తగ్గించాం' అని వేసుకోవచ్చు, అబద్ధమని ఎవరూ అనలేరు, గాల్లోకి మాత్రం 10 టన్నులు ఎక్కువే పోయింది! అందుకే నేను ముందు స్కోప్ 1, స్కోప్ 2 మొత్తాలే చూస్తాను, అంటే సొంతంగా కాల్చింది, కొన్న కరెంటు వల్ల వచ్చింది. సరఫరాదారులు, రవాణా వగైరా స్కోప్ 3 కిందికొస్తాయి, అది ఐచ్ఛికం, ఖాళీగా వదిలేసినా అడిగేవాడు లేడు. (సిమెంట్ కంపెనీ అయితే టన్ను సిమెంటుకి ఎంత అన్న అంకె కొంచెం నయం.)

సరే, ఈ అంకెలు నిజమేనా? మార్కెట్ విలువలో పైనున్న 150 కంపెనీలు ముఖ్యమైన అంకెలకు బయటివాళ్లతో అష్యూరెన్స్ (తనిఖీ చేయించి హామీ తీసుకోవడం) చేయించాలని సెబీ వాళ్లు 2023లో రూల్ పెట్టారు, ఏటా ఆ సంఖ్య పెంచుతామన్నారు. 2025 మార్చిలో దాని బదులు అసెస్‌మెంట్ (బయటివాళ్ల మదింపు) అయినా చాలని సడలించారు. నాకు నచ్చలేదు. పైగా తనిఖీ చేసేవాళ్లకు ఫీజిచ్చేది ఆ కంపెనీయే. హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డిచ్చారు, 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఆ దొంగ లెక్కల మీదా ఆడిటర్ల సంతకాలున్నాయి.

ఇంకో సంగతి, లిస్ట్ కాని కంపెనీలకు ఈ రూలే లేదు. 2020 మేలో విశాఖలో స్టైరిన్ లీకైన ఎల్జీ పాలిమర్స్ లిస్టెడ్ కంపెనీ కాదు. అలాంటి ఫ్యాక్టరీ గోడ పక్కన ఉండేవాళ్లు ఏదైనా తెలుసుకోవాలంటే పొల్యూషన్ బోర్డు చుట్టూ తిరగాలి, లేదా ఆర్టీఐ పెట్టుకోవాలి.