జీవిత బీమా సొమ్ము చేతికి అందాలంటే: సరిహద్దు ఊళ్లలో చూసుకోవలసిన కాగితాలు

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో ఏదో ఒక జీవిత బీమా పాలసీ తప్పకుండా ఉంటుంది. ఇనప్పెట్టెలోనో, దేవుడి గూట్లోనో, పట్టుచీరల మడతల మధ్యనో ఆ బాండు భద్రంగానే ఉంటుంది. కానీ పాలసీదారు పోయిన తరువాత ఆ సొమ్ము ఎవరికి వస్తుంది, ఏ కాగితాలు చూపాలి, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. మా వీధిలో అర్జీలు, ఫారాలు నింపవలసి వచ్చినప్పుడు నన్ను పిలుస్తుంటారు కనుక ఇలాంటి క్లెయిములు కొన్నింటిని దగ్గరనుంచి చూశాను. కంపెనీ సొమ్ము ఎగ్గొట్టిందని ఊళ్లో చెప్పుకొనే కథల్లో చాలావాటి వెనుక అసలు అడ్డంకి పాలసీదారు బతికుండగా ఎవరూ సరిచేయించని ఒక పేరో, మార్పించని ఒక నామినీయో అయి ఉంటుందని నా అభిప్రాయం.

ముందుగా పేరు సంగతి చూద్దాం. ఇంటిపేరు ముందు, పేరు తరువాత రాసుకోవడం మన పద్ధతి కాగా, ఒడిశా కార్యాలయాల్లో పేరు ముందు, ఇంటిపేరు చివర రాస్తారు. ఇటీవల నేను చూసిన ఒక కట్టలో పరిస్థితి ఇలా ఉంది. బాండు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆ పక్కన అసలు పేరు ఉన్నాయి. ఆధార్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ముందుంది. ఒడియాలో అచ్చయిన ఓటరు కార్డులో అదే ఇంటిపేరు చివరికి పోయింది, పేరులోని ద్విత్వాక్షరం ఒంటిదైంది. మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు అసలు లేదు, పైగా పేరును రెండు ముక్కలు చేశారు. ఊరందరికీ తెలిసిన ఒకే మనిషి కాగితాల మీద నలుగురైపోతే, ఎక్కడో కూర్చున్న క్లెయిము అధికారి అనుమానించడంలో తప్పేమీ లేదు. అప్పుడు నోటరీ ముందు అఫిడవిట్లు, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుళ్లు మొదలవుతాయి. అదే పాలసీదారు జీవించి ఉండగా ఆధార్ నకలు జతచేసి, పేరు సరిచేయమని శాఖకు ఒక దరఖాస్తు ఇస్తే పని అక్కడితో అయిపోతుంది.

మరణ ధ్రువీకరణ పత్రం విషయంలో మరో చిక్కు ఉంది. మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే ఆ పత్రం ఇస్తారు తప్ప సొంత ఊరి పంచాయతీ ఇవ్వదు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లిన మనిషి అక్కడ చనిపోతే సూరత్‌లోను, విశాఖపట్నం ఆసుపత్రిలో పోతే విశాఖలోను నమోదు కావాలి. శవాన్ని ఊరికి తెచ్చుకొనే ఆదుర్దాలో ఆసుపత్రి ఇచ్చిన చీటీతోనే అందరూ బయలుదేరుతారు, పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అనుకుంటారు. 21 రోజుల లోపు సమాచారం ఇస్తే నమోదు సులభంగా జరుగుతుంది. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు అవసరమవుతాయి. దుఃఖంలో ఉన్నవారికి ఇది చెప్పడం ఇబ్బందే అయినా, కుటుంబంలో కాస్త నిబ్బరంగా ఉన్న ఒక్కరు ఆ పత్రంలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా బాండుతో సరిపోయేలా రాయించాలి.

నామినీ గురించి మనలో ఉన్న అపోహలు అన్నీ ఇన్నీ కావు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లి కాక ముందు, తల్లిని నామినీగా రాసి తీసుకున్న పాలసీలే ఎక్కువ. పెళ్లయి పిల్లలు పుట్టినా ఆ వరుస అలాగే ఉండిపోతుంది. బీమా చట్టం, 1938లోని 39వ సెక్షను ప్రకారం నామినీని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అయితే ఆ మార్పు కంపెనీ పుస్తకాల్లో నమోదైతేనే చెల్లుతుంది, ఇంట్లో నోటిమాటగా చెప్పుకొంటే చెల్లదు. నామినీ సొమ్ము అందుకొనే ప్రతినిధి మాత్రమేనని, హక్కు వారసులదేనని సుప్రీంకోర్టు 1983లో తీర్పు చెప్పింది. 2015లో చట్టాన్ని సవరించినప్పుడు తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే ఆ సొమ్ము మీద హక్కు కూడా వారిదేనని రాశారు. అంతమాత్రాన మిగతా వారసులు కోర్టు మెట్లెక్కకుండా పోరు, కానీ కంపెనీ మటుకు నామినీకి చెల్లించి తన బాధ్యత తీర్చుకుంటుంది. కనుక తల్లి, భార్య ఇద్దరూ ఉన్నవారు చెరి ఇంత అని వాటాలు రాయించడమే మేలు. నామినీ మైనరైతే సొమ్ము అందుకోవడానికి ఒక పెద్దమనిషిని అపాయింటీగా రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న బాండ్లు నాకు తరచుగా కనిపిస్తుంటాయి. నామినీయే ముందుగా పోయి, వేరొకరిని రాయకపోతే, వారసులమని రుజువు చేసుకొనే బరువు మొత్తం కుటుంబం మీద పడుతుంది.

ఇక క్లెయిము నడిచే తీరు. మరణవార్తను పాలసీ నంబరుతో సహా లిఖితపూర్వకంగా తెలిపి, క్లెయిము ఫారం, అసలు బాండు, మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నకలు లేదా రద్దుచేసిన చెక్కు ఇవ్వాలి. ప్రమాదం, పాముకాటు, నీటమునక వంటివైతే ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదికలు కూడా అడుగుతారు. ఇచ్చిన ప్రతి కాగితానికి నకలు ఉంచుకొని, అందినట్టు శాఖ ముద్ర, తేదీ వేయించుకోవడం తప్పనిసరి. ఆ తేదీ నుంచే గడువు లెక్క మొదలవుతుంది. దర్యాప్తు అవసరం లేని మరణ క్లెయిమును కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో, దర్యాప్తు అవసరమైతే 45 రోజుల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్దేశించింది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు నిర్ణయించే బ్యాంకు రేటు మీద 2 శాతం అదనంగా కలిపి వడ్డీ ఇవ్వాలి. ఆ వడ్డీ సంగతి కౌంటరులో ఎవరూ తమంతట తాము చెప్పరు.

పాలసీ తీసుకున్న మూడేళ్లలోపు మరణం జరిగితే దర్యాప్తు తప్పదనే అనుకోవాలి. చక్కెర వ్యాధి, గుండె జబ్బు ముందే ఉండి దాచారా అని ఆసుపత్రి రికార్డులు వెతుకుతారు. మూడేళ్లు నిండిన తరువాత మాత్రం అదే బీమా చట్టంలోని 45వ సెక్షను ప్రకారం ఏ కారణం చూపి కూడా పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ల్యాప్స్ అయిన, అంటే ప్రీమియం కట్టక ఆగిపోయిన పాలసీని మళ్లీ పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ల లెక్క పునరుద్ధరణ తేదీ నుంచి కొత్తగా మొదలవుతుంది. అందుకే ప్రీమియం ఏజెంటు చేతిలో పెట్టి, రసీదు అడగడానికి మొహమాటపడే అలవాటును నేను ఒప్పుకోను. ఏజెంటు మన బావమరిదే కావచ్చు, అయినా రసీదు రసీదే. సాధారణంగా నెలవారీ ప్రీమియానికి 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఆ గడువులో మరణిస్తే రావలసిన ప్రీమియం మినహాయించుకొని పూర్తి సొమ్ము ఇస్తారు.

బాండు మీద రాసిన మొత్తమే ఖాతాలో పడుతుందని కూడా అనుకోకూడదు. లాభాలతో కూడిన పాలసీ అయితే బోనసు కలుస్తుంది, ప్రమాద బీమా రైడరు, అంటే పాలసీకి అదనంగా జోడించిన రక్షణ, ఉంటే అదీ కలుస్తుంది. పాలసీ మీద అప్పు తీసుకొని ఉంటే వడ్డీతో సహా మినహాయిస్తారు. అప్పు కోసం పాలసీని బ్యాంకుకు అసైన్ చేసి, అంటే దాని హక్కును బ్యాంకు పేర రాసి ఉంటే నామినీ కంటే ముందు బ్యాంకు వరుసలో నిలుస్తుంది. ఇవి కాక, ఏటా బ్యాంకు ఖాతా నుంచి 436 రూపాయలు పోతున్నాయేమో పాసుపుస్తకంలో చూడాలి. అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన కింద పోతున్నవైతే ఆ కుటుంబానికి 2 లక్షలు రావాలి. ఖాతాదారుకే గుర్తులేని ఈ బీమాను, ఆయన పోయాక ఇంట్లోవారు గుర్తుపట్టేది ఆ పాసుపుస్తకం వల్లనే.

పర్లాకిమిడిలో కాపురం ఉంటూ పాతపట్నంలోనో టెక్కలిలోనో ఉన్న బంధువు దగ్గర, రాయగడలో ఉంటూ పార్వతీపురంలో పాలసీ కట్టినవారు మనలో చాలామంది. క్లెయిము తిరస్కరిస్తే ఏ రాష్ట్రంలో మొర పెట్టుకోవాలని వారు అడుగుతారు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసేవారు తాము నివసించే చోటును బట్టి గాని, కంపెనీ శాఖ ఉన్న చోటును బట్టి గాని వెళ్లవచ్చు. అంటే పర్లాకిమిడి కుటుంబం భువనేశ్వర్ కార్యాలయానికైనా రాయవచ్చు, ఆంధ్రలోని శాఖ మీద హైదరాబాదుకైనా రాయవచ్చు. ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి ఒక నెల ఆగాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా ఏడాది లోపు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలి. 50 లక్షల వరకు పరిహారం కోరవచ్చు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఎప్పుడో పోయిన తండ్రిగారి బాండు ఈ మధ్యనే దొరికిందని, ఇప్పుడు పనికిరాదేమోనని పారేయబోయేవారికి ఒక మాట. ఎవరూ అడగని బీమా సొమ్ము పదేళ్లు దాటితే కేంద్ర ప్రభుత్వ వయోవృద్ధుల సంక్షేమ నిధికి వెళ్తుంది. అలా వెళ్లిన తరువాత కూడా 25 ఏళ్ల వరకు హక్కుదారులు కంపెనీ ద్వారా దాన్ని కోరవచ్చు. బీమా కంపెనీల వెబ్‌సైట్లలో క్లెయిము కాని మొత్తాలను వెతికే పేజీలు ఉన్నాయి. పాలసీ నంబరు లేకపోయినా పేరు, పుట్టిన తేదీతో వెతకవచ్చు. వెతికేటప్పుడు ఇంటిపేరును ముందు పెట్టి ఒకసారి, చివర పెట్టి మరొకసారి ప్రయత్నించండి.