పర్లాకిమిడి నుంచి కంటి నాళాల ప్రాజెక్టు: నా అనుభవం

ఎంసీఏ చివరి ఏడాది ప్రాజెక్టుకి, రెటీనా ఫోటోల్లో రక్తనాళాలను కంప్యూటర్ చేత గీయించే పని పెట్టుకున్నాను. ఫోటోల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరగక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో మధుమేహుల కంటి పరీక్షల్లో తీసిన 40 ఫోటోల 'డ్రైవ్' సెట్ ఉంది. నేర్పడానికి 20, పరీక్షకి 20. ప్రతిదానికీ చేత్తో గీసిన నాళాల పటం జతగా వస్తుంది.

ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో నాళాలు ఆకుపచ్చదాంట్లోనే నల్లగా తేలతాయి కాబట్టి మిగతా రెండూ పక్కన పెట్టేశాను. ముందు గొట్టంలాంటి ఆకారాలను సూత్రంతో వెతికే 1998 నాటి ఫ్రాంగీ ఫిల్టర్ వేశాను. లావువి పట్టింది గానీ, నడిమధ్య మెరుపు గీత ఉన్న నాళాన్ని రెండుగా చీల్చింది. కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు, ఆప్టిక్ డిస్క్ అంచునీ నాళమే అంది. దాంతో ఉదాహరణలు చూసి నేర్చుకునే యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్‌కి మారాను. 20 ఫోటోలు దానికి ఏ మూలకి? ముక్కలుగా కోసి, తిప్పి, తిరగేసి వేల సంఖ్యకి పెంచాను. మా ఊళ్ళో కరెంటు సంగతి తెలిసిందే, ప్రతి ఎపాక్‌కీ (అన్నీ ఒక చుట్టు చూపించడం అయ్యాక) మోడల్ సేవ్ చేసుకునేవాణ్ణి.

యాక్యురసీ, అంటే సరిగ్గా గుర్తించిన పిక్సెళ్ల శాతం, 95 దాటింది. గైడ్ సారు ఒడియాలో "భలో హెలా" (బాగా వచ్చింది) అన్నారు. నాకు మాత్రం ఆ అంకె రుచించలేదు. ఫోటోలోని గుండ్రటి భాగంలో నాళాల పిక్సెళ్లు సుమారు ఎనిమిదో వంతే. ఏమీ గీయకుండా నల్లబొమ్మ ఇచ్చినా 87 దాకా మార్కులు పడిపోతాయి!

పలాసలో కంటి ఆసుపత్రిలో పనిచేసే మా బావకి ఫలితం పంపాను. "ఏట్రా, కొసలన్నీ తెగిపోయాయి?" అన్నాడు. ఉన్న నాళాల్లో ఎంత శాతం పట్టిందో చెప్పే సెన్సిటివిటీ చూస్తే అదే తేలింది. నేర్పేటప్పుడు తప్పుని కొలిచే లాస్‌లో, రెండు పటాలు ఎంత కలిశాయో చూసే డైస్ కలిపాక సన్నవి కొన్ని వచ్చాయి, వాటితోపాటు లేనివీ వచ్చాయి.

పరీక్ష ఫోటోలకి ఇంకొకరు గీసిన రెండో పటం కూడా ఉంది. మొదటిదాన్ని నిజమనుకుని దిద్దితే, ఆ రెండోదానికి యాక్యురసీ 94.7, సెన్సిటివిటీ 78కి కాస్త తక్కువ. మనుషులకే సన్నవాటి దగ్గర పొత్తు కుదరలేదన్నమాట. నా మోడల్ యాక్యురసీ అంతకంటే ఎక్కువే కాబట్టి "మనిషిని మించిందని రాసేయ్" అన్నారు స్నేహితులు. మొదటి పటం గీసిన తీరుని బాగా ఒంటబట్టించుకుందని మాత్రమే రాశాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన సారు అడిగింది ఒక్కటే: "వేరే కెమెరా ఫోటో ఇస్తే?" మళ్ళీ నేర్పకుండా, వేరే కెమెరాతో తీసిన 'స్టేర్' సెట్ ఫోటోల మీద నడిపిన పట్టిక తీసి చూపించాను. సెన్సిటివిటీ పడిపోయిన వరుసనే ఆయన ముందు చదివారు.