బండి తాళం

నిన్న సాయంత్రం హనుమకొండ నుంచి కాజీపేటకు వెళ్తుంటే రోడ్డు మీద చెకింగ్. బండి ఇంకా పూర్తిగా ఆపనే లేదు, కానిస్టేబుల్ చెయ్యి పెట్టి తాళం లాగేశాడు. వెనక అమ్మ ఉంది. బండి ఒక పక్కకు ఒరిగింది. అమ్మ నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో!

హెల్మెట్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నాయి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాలి, మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ అదే చెప్తుంది. ఫోన్‌లో డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఉన్నా చెల్లుతుంది, 2018లోనే రూల్స్ మార్చారు. కానీ ఆయన "ఫోన్‌లో వద్దు, కాగితాలు తియ్" అన్నాడు. నేనూ గొంతు పెంచాను. అది నా తప్పే. పొద్దంతా పొగలో, దుమ్ములో నిలబడ్డ మనిషి ఆయన.

ఇంతలో ఎస్సై గారు వచ్చి, ముందు అమ్మను పలకరించారు. "దెబ్బేమన్నా తగిలిందా అమ్మా?" ఫోన్ చూసి తాళం నా చేతికిచ్చారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నా టెన్షన్ అంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

అప్పుడే ఒక పిల్లోడు చెకింగ్ చూసి, బండి గిర్రున తిప్పి రాంగ్ రూట్‌లో పోయాడు. ఎదురుగా ఆర్టీసీ బస్సు. వెంట్రుకవాసిలో తప్పింది. ఇంటికొచ్చాక కూడా అమ్మ వాడి గురించే అడుగుతోంది.